సింకులో పోయకూడని బురద

కాఫీ పొడి తప్ప నేనేం పొయ్యలేదురా బాబూ అందులో! ఒట్టు. మహా అయితే మొన్న చేపలు వేయించిన కొవ్వు కాస్త పోసుంటా. దానికే ఇంత రాద్ధాంతమా? పోయిన వేసవిలో నువ్వే కదా ఈ గొట్టాలు మార్చింది. ఇంతలోనే పూడుకుపోతే ఎట్లా చెప్పు?

సరే సరే, నీ గొట్టాన్ని ఏమీ అనను. దూరు సింకు కిందికి. కాళ్లు ఇటు చాపుకో, ఆ కుర్చీ జరుపుతా. వీపు కింద ఈ తువ్వాలు వేసుకో డెన్నీ, నేల చల్లగా జివ్వుమంటోంది. మీ అర్లీన్ పిన్ని ఆదివారం దిగుతోంది. వాళ్లక్క మోకాలి ఆపరేషన్‌కి వెళ్లిందిగా. వచ్చేసరికి అంట్లన్నీ స్నానాల తొట్టిలో కనబడ్డాయంటే నన్నూ అందులోనే ముంచుతుంది.

ఏంటి, ఇల్లు నిశ్శబ్దంగా ఉందా? ఆఁ, పీపా ఆపేశాలే. నేలమాళిగలో రాళ్లు నున్నచేసే ఆ మోటారు పీపా తిరగని రోజుందా ఈ ఇంట్లో? గరగరా గరగరా, రాత్రీ పగలూ. "నువ్వు నన్ను పెళ్లాడావా, ఆ మోటారును పెళ్లాడావా?" అని ఎన్నేళ్లు సాధించింది మీ పిన్ని! ఇప్పుడేమో వెళ్తూ వెళ్తూ, "పీపా ఆగిపోయింది, నీకు ఒంట్లో బాగాలేదా?" అని నుదురు పట్టుకు చూసింది. ఆడవాళ్లతో ఎలా వేగుతామురా?

అవునూ, ఆ రాయి అక్కడ పెట్టావేంటి, కిటికీ గట్టు మీద? పడుకుంటే జేబులో గుచ్చుకుంటుందా? మరి కోటులో పెట్టుకోలేకపోయావా?

వద్దు వద్దు, లేవకు. ఉండనీ. నాకేం అడ్డం!

అబ్బా, మళ్లీ థాంక్సా! ఎన్నిసార్లు చెబుతావురా? అది మీ నాన్న రాయి, మీ అమ్మ తెచ్చి నున్నగా చెయ్యమంది, క్రిస్మస్‌కి నీ చేతిలో పెట్టింది. మధ్యలో నాదేముంది? మొన్న చర్చి మెట్ల మీద మీ అమ్మ లోరెట్టా కూడా ఇంతే. అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "మా వర్జిల్ రాయిని లెన్ అద్దంలా చేశాడు, చూశారా!" అని ఒకటే పొగడ్త. ఎక్కడైనా దూరిపోదామా అనిపించింది. పొగడ్తలంటే నాకు పడవు. ఎప్పట్నుంచి అంటావా? ఇప్పుడు పడటం లేదు, అంతే.

కొట్టు, కొట్టు. నేను మాట్లాడుతూనే ఉంటా, నీ పని నువ్వు కానీ.

మీ నాన్న ఆ రాయి చూపించే తీరు గుర్తుందా నీకు? దీవికెళ్లే ఓడ మీద తాళ్లు కడుతూ, ఏ కొత్త మొహం కనబడినా సరే, జేబులోంచి తియ్యడం, నాలికతో బర్రున నాకడం, వాళ్ల ముక్కు కింద పెట్టడం! పెటోస్కీ రాయి ఆరితే వట్టి బూడిదరంగు గులకరాయేగా. తడిస్తేనే ఆ తేనెపట్టు గళ్లు పైకి తేలేది. "చూశారా, పగడం! ఈ మంచుగడ్డ మిషిగన్‌లో ఒకప్పుడు వెచ్చటి సముద్రం!" అనేవాడు. చికాగో ఆడవాళ్లు ఛీఛీ అని వెనక్కి జరిగేవాళ్లు. వాడికి అదే సరదా.

నేను మెరుగు పెడతా ఇవ్వరా అని ఎన్నిసార్లు అడిగానో. "మెరుగు పెట్టాక నేనేం నాకాలి?" అనేవాడు. వాడున్నన్నాళ్లూ ఇవ్వలేదు.

ఏంటీ? సిమెంటా?

సిమెంటులా ఉందా? ఉలి దిగట్లేదా? ఏమోరా, నాకేం తెలుసు. పాత ఇల్లు... అంటే, గొట్టాలు కొత్తవేలే. ఎవరైనా రాళ్ల బురద పోశారా అంటావేంటి? ఎవరైనా అంటే ఎవరు, ఈ ఇంట్లో రాళ్ల పిచ్చి ఉన్నది నాకొక్కడికేగా!

పోశాను.

నవ్వకు! సింకు కింద నుంచి నవ్వితే డబ్బాలో నవ్వినట్టుంది. తెలుసురా, నాకు తెలియదా? మన రాళ్ల సంఘంలో చేరే ప్రతివాడికీ మొదటి పాఠం చెప్పేది నేనేగా. పీపాలో బురద సింకులో పొయ్యకండి, లోపల పేరుకుని మళ్లీ రాయై కూర్చుంటుంది, పెరట్లో గుంట తీసి పొయ్యండి అని. నీకూ చెప్పాను, నువ్వు ఇంత ఉన్నప్పుడు. చెప్పినవాడే పోశాడు. నవ్వుకో.

గుంట మంచు కింద ఉంది మరి. గునపం దిగదు. మామూలుగా అయితే బకెట్లోనే వదిలేసి, మంచు కరిగాక పారబోసేవాణ్ని. ఆ రోజు అంత వ్యవధి లేకపోయింది. ఎవరో తలుపు కొట్టారు.

మీ అమ్మ.

ఏం, ఆగిపోయావ్? ఏమీ లేదురా. కొట్టు.

వచ్చిందా? ఏదీ... అమ్మో, ఎంత పొడుగుందో! అచ్చం గొట్టం ఆకారంలోనే దిగింది కదూ. బకెట్లో వేశావా. మంచిది. నీళ్లు వదలనా? పోతున్నాయి, హాయిగా పోతున్నాయి. నీ చెయ్యి చల్లగుండ.

ఎక్కడికి, ఆ బకెట్టు తీసుకుని? మంచులో పారేస్తావా? ఆగు. ఆగరా డెన్నీ. కింద పెట్టు దాన్ని. కాస్త కూర్చో. ఫ్లాస్కులో కాఫీ ఉంది. వద్దా? వద్దంటే మానెయ్, కూర్చో ముందు.

మీ అమ్మ ఆ రాయి రుమాల్లో చుట్టి తెచ్చింది, ఆపిల్స్ కోసే రోజుల్లో. ఇక్కడే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. "డెన్నీకి ఇస్తాను లెన్, నీ చేత్తో చెయ్యి" అంది. మరి పెటోస్కీ రాయిని చేత్తోనే చెయ్యాలిగా. మెత్తన అది. గరుకు కాగితం మీద, తర్వాత నున్న కాగితం మీద, ఆఖర్న మఖమల్ గుడ్డ మీద పొడి చల్లి ఓపిగ్గా రుద్దుకుంటూ పోవాలి. పీపాలో గట్టి అగేట్ రాళ్లతో కలిపి వేశామంటే, వాటి మధ్య పడి పిండైపోతుంది. ఈ ఒడ్డున బడి పిల్లలకి కూడా తెలిసిన సంగతి.

నా వేళ్లు చూడు. ఇటు చూడరా. పిడికిలి బిగించమను, బిగించలేను. ఏడాది దాటింది. చొక్కా గుండీలు మీ పిన్నే పెడుతోంది. ఎవరితోనూ అనకూడదని ఒట్టు వేయించుకున్నా. సంఘం ప్రదర్శనలో నా బల్ల మీద పెడుతున్నవన్నీ పాతవే, ఒక్కటీ కొత్తది కాదు.

"నా చేతులు పోయాయి లోరెట్టా" అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట గొంతు దాటలేదు. అంత గొప్పవాణ్ని మరి!

కాగితం మీద పెట్టి రుద్దబోయా. వేళ్లలోంచి జారి కింద పడింది. తీసి మళ్లీ పెట్టా, మళ్లీ పడింది. ఏడుపొచ్చేసింది, నిజంగా. అప్పుడు పీపాలో వేశాను. ఒక్క పూట తిరిగితే పై గరుకు పోతుంది, మిగతాది ఎలాగో అలా చేద్దాంలే అని. లోపల అగేట్లున్నాయి, గరుకు పొడి ఉంది. తెలిసే వేశా.

సాయంత్రం తీద్దామంటే, బిగుసుకుపోయిన మూత తిరగదే! నా వల్ల కాలేదు. మీ పిన్నిని పిలుద్దామంటే ఏం వేశావని అడుగుతుంది. రేపు చూద్దాంలే అనుకున్నా. మర్నాడూ అదే అనుకున్నా. పైన కూర్చుని ఆ గరగర వింటూ కాఫీ తాగానురా నేను. అన్నం తిన్నాను, నిద్రపోయాను. మోటారు తీగ పీకేస్తే పోయేదానికి, అదీ పీకలేదు. పీకితే ఏం జరిగిందో చూడాలి కదా.

క్రిస్మస్ దగ్గర పడ్డాక మీ పిన్ని చేతే మూత తీయించి, ఆవిడ పైకెళ్లాక చూశాను. అగేట్లున్నాయి. అది లేదు. బురద బకెట్లోకి వంచి, జల్లెడ పట్టి, వేళ్లతో దేవాను. గోరంత ముక్కైనా లేదురా.

బకెట్టు పైకి తెచ్చి, ఇక్కడ వెలుతురులో మరోసారి దేవుతున్నా. తలుపు చప్పుడు. కిటికీలో మీ అమ్మ టోపీ. అంతే, బకెట్టెత్తి సింకులో బోర్లించి నీళ్లు వదిలేశా. ఎందుకో తెలుసా? ఆ బురద చూస్తే గుర్తుపడుతుందని! బురదని ఎవరైనా గుర్తుపడతారట్రా?

నా డబ్బాలోంచి అలాంటి రాయే ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చేతులు బాగున్నప్పుడు చేసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, బుగ్గకి ఆనించుకుని, "ఇదిగో, ఇక్కడే, వర్జిల్ బొటనవేలికి అరిగిన చోటు" అంది. అక్కడేం లేదురా. నేను ఉందన్నాను.

అలా చూడకు. లేదు, చూడు. చూడాల్సిందే. గొట్టం మూసుకుపోకపోతే చచ్చేదాకా చెప్పేవాణ్ని కాదు. అదీ చెప్పేస్తున్నా.

ఆ బకెట్లో ఉన్నది వట్టి బురద కాదు డెన్నీ. అగేట్ల పొడి ఉంది, చేప కొవ్వు ఉంది, కాఫీ మడ్డి ఉంది. మీ నాన్న రాయి కూడా అందులోనే.

ఆ బురదని తువ్వాల్లో ఎందుకు చుడుతున్నావ్? చుట్టు, చుట్టు. ఆ తువ్వాలు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఏదో ఒకటి అనరా, తిట్టు. మీ నాన్నయితే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేవాడు.

కిటికీ మీది రాయి వదిలేసి పోతున్నావా? మీ అమ్మ అడిగితే ఏం చెబుతావ్? అడుగుతుంది కదా. లేదు, నువ్వు చెప్పకు. అది నేను చెప్పాల్సిన మాట. మీ ఇంటికొచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చుని, నేనే చెప్పాలి. గెంటేస్తే గెంటించుకుంటా.

బండి తియ్యకు, వస్తున్నా. కోటు ఇక్కడే ఉంది. బూట్లు...

డెన్నీ, ఇలా రా. ఈ తాళ్లు నేను కట్టుకోలేను. కాస్త కట్టి పెట్టరా.