గొడుగుల దగ్గర వదిలిన మాట

1988 జూలై నాలుగో తేదీ ఉదయం, బస్సులో రెండు అరటిపండ్లు తిని, తొక్కలు ఎక్కడ వేయాలో తెలియక సంచిలోనే దాచుకుని, పెద్దక్క గారు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరారు. పిల్లల తల్లిదండ్రులు పెట్టిన ఆ పేరే, ఆఫీసు కాగితాల్లో తప్ప, అంతటా స్థిరపడింది.

తొలి దశాబ్దం తరగతి గదికి అంకితం చేసిన పెద్దక్క గారు, తరువాత తల్లిదండ్రుల బృందం బాధ్యతను స్వీకరించారు. అంతకుముందు ఆ బృందం నెలవారీ సమావేశమంటే వరుస కుర్చీలు, ఒక నిపుణుని ప్రసంగం, వెనుక కునికిపాట్లు. పెద్దక్క గారు కుర్చీలను గుండ్రంగా వేయించారు. పక్కగదిలో పిల్లలను చూసుకునేందుకు ఆయాలను ఉంచారు. కొత్త కుటుంబానికి మొదటి ఫోను బడి నుంచి కాక, అవే బాధలు పడిన మరో తల్లి నుంచి వెళ్లేలా చూశారు.

ఒక వాన సాయంత్రం, సమావేశానికి కొత్తగా వచ్చిన ఒక తండ్రిని, లారీ డ్రైవరును, ఎలా ఉన్నావని అడిగితే "పర్లేదండీ" అన్నాడు. కొడుకు కొరికిన చేతికి కట్టుంది.

"ఆ మాట బయట గొడుగుల దగ్గర పెట్టేసి రా తమ్ముడూ. వెళ్లేటప్పుడు కావాలంటే తీసుకెళ్దువుగాని" అన్నారు పెద్దక్క గారు.

అతను నవ్వబోయి, నవ్వలేక, చాలాసేపు మాట్లాడాడు. ఎవరూ సలహా ఇవ్వలేదు. మనవడి కోసం వచ్చే ఒక అమ్మమ్మ మాత్రం మంచినీళ్ల గ్లాసును అతని చేతికి అందేలా జరిపింది. ఆనాటి నుంచి ఆ గదిలో 'పర్లేదు' నిషిద్ధం.

పదవీ విరమణ సమీపించగానే, ఆమె లేని బృందం నడవదని తలచిన యాజమాన్యం ఆ గదిని సామాన్లకు కేటాయించబోయింది. చివరి మూడు సమావేశాలకు తాను రాననీ, అప్పుడూ జనం వస్తే గది వారికే వదలమనీ పెద్దక్క గారు కోరారు; యాజమాన్యం సరేనంది. మొదటిసారి ఇద్దరే వచ్చారు. వారిలో ఒకడైన డ్రైవరు అందరికీ ఫోన్లు చేశాడు: "అక్కతోపాటు మన కష్టాలు కూడా రిటైరైపోయాయా?" మూడోసారి పక్కగది నుంచి కుర్చీలు తెచ్చుకోవలసి వచ్చింది. యాజమాన్యం మాట నిలబెట్టుకుంది.

స్టాఫ్‌రూంలో కూర్చుని చెవి ఇటే పడేసిన పెద్దక్క గారు ఆరోజు ఉండబట్టలేక గుమ్మం దాకా వచ్చారు.

"ఎలా ఉన్నావక్కా?" అన్నాడు డ్రైవరు.

"పర్లేదు."

"గొడుగుల దగ్గర పెట్టేసి రామ్మా" అంది అమ్మమ్మ. గదంతా నవ్వింది.

పెద్దక్క గారు తలుపు పట్టుకునే అన్నారు: "రేపట్నుంచి నన్నెవరు అడుగుతారో తెలియట్లేదు తమ్ముడూ."

అతను ఒక కుర్చీ ఇటు జరిపాడు. "నెలనెలా మేం అడుగుతాం. కూర్చో."

ఎలా ఉన్నారని అడిగితే సంతోషంగా నిజం చెప్పగల ఆరోగ్యమూ, ఆ నిజాన్ని ఓపికగా వినే ఆత్మీయులూ పెద్దక్క గారికి చిరకాలం తోడుండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

ఆ మూడో సమావేశం సాయంత్రం అందరూ లేచాక పెద్దక్క గారు అలవాటుగా గది తాళంచెవి కోసం సంచి వెతుక్కున్నారు. అది డ్రైవరు జేబులో ఉంది. లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది అతనే.