బీరువాలో సిగ్నల్

బావమరిది కంప్యూటరు వెనక్కి దూరి, కొత్త వైఫై అడాప్టర్ బిగిస్తూ అరిచాడు.

"బావా, యాంటెన్నా ఏదీ?"

"ఆంటీనా? పైవాటాలో ఉంది. మన సిగ్నల్ దొంగ ఆవిడే! పొద్దున మెట్ల మీద నలుగురి ముందూ కడిగేశాను."

"నేనడిగింది దీనికి తగిలించే కొమ్ము బావా!"

"అదా! డబ్బాలో ఉంది చూడు."

కొమ్ము మొలిచింది కానీ సిగ్నల్ ఒక్క గీత దాటలేదు.

"చూశావా, ఇంకా లాగేస్తోంది!"

"ఉండు బావా. అసలు రూటర్ ఎక్కడ పెట్టావు?"

బావ గొంతు తగ్గించాడు. "బీరువాలో. ఎవరూ కాజేయకుండా తాళం కూడా వేశాను. వైరు కోసం వెనక చిల్లు పెట్టించాను."

"వైఫ్ నగల పక్కన వైఫైని పెట్టావా! ఇనుము దాటి ఆ ఒక్క గీత రావడమే గొప్ప."

రూటర్ బయటికి రాగానే గీతలన్నీ నిండాయి. బావ మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"సారీ చెప్పడానికి మీ అక్కని పైకి పంపుదామా? ఆడవాళ్ళూ ఆడవాళ్ళూ మాట్లాడుకుంటారు."

"తిట్టింది అక్క కాదుగా బావా."

బావ కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కాడు. ఆవిడ తలుపు తీసింది. ఆ చప్పుడుకి అటూ ఇటూ తలుపులు కూడా తెరుచుకున్నాయి.

"అమ్మా, మీరేం దొంగిలించలేదు. నా సిగ్నల్‌ని నేనే బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. క్షమించండి," అని గొణిగాడు.

"మాకు వినపడలేదండీ," అన్నాడు పక్కవాటా ముసలాయన.

ఈసారి బావ, పొద్దున తిట్టినంత గట్టిగా చెప్పాడు.