చామంతికి చలి

మదనపల్లె. మార్గశిరం పొద్దు, ఇంకా మంచు విడవలేదు. పెరట్లో చామంతి మొక్కల దగ్గర యశోదమ్మ, ఆమె భర్త గంగులప్ప.

"మళ్ళీ ఆకులేనా?"

"ఆకులే. సూడు, ఎంత పచ్చగా ఉండాయో! తాళింపేసుకుని తిందామా?"

"యశోదా, నేను ఎగతాళికి అడగలే. మొగ్గ ఒకటన్నా కనిపిస్తాందా?"

"వంగి నువ్వే సూడు. ఏం, నడుము నొప్పా? మీయక్కతో గంటసేపు ఫోన్లో మాట్లాడినప్పుడు లేదే ఆ నొప్పి!"

"అక్క ఊరికే చేసిందా? తన కొడుకు లోకేషుకు మన భవ్యేనని పుంగనూరంతా చెప్పేసిందంట. తాంబూలాలు ఎప్పుడంటాంది."

"పూలు పూసినప్పుడు. నేను కాదంటినా? తాంబూలాల నాడు పిల్ల జడలోకి సొంత పెరట్లో పూసిన పసుపు చామంతే ఉండాలని ఆచారం పెట్టింది ఎవురు? మీయమ్మే కదా!"

"అంగట్లో రెండు మూరలు తెస్తే ఎవురికి తెలుస్తాది?"

"మీయక్కకు. మీ చిన్నమ్మ కూతురికి కొన్న పూలు పెట్టినారని, తాంబూలం తట్ట ముట్టుకోకుండా లేసిపోయింది ఆయమ్మే. మర్చిపోయినావా?"

"అయితే డిసెంబరాలు పెడదాం. ఈ చలికి గోడ పొడుగునా పూస్తాండాయి."

"పెడదాం. ఊదారంగు జడ సూసి మీయక్క పడిపోతే నీళ్ళు నువ్వే సల్లు."

"కనకాంబరం?"

"అది సలికి ముడుసుకొని కూసోనుండాది. అచ్చం నీ మాదిరే."

"పోనీ, మల్లె..."

"మల్లె ఎండలకు కదా పూసేది. మేలో పెట్టుకుందాం తాంబూలాలు. నాకేం తొందర లేదు."

"నీకు తొందర ఎప్పుడుండాది! సరే, ముందు ఆ బల్బు తీసెయ్."

"ఏ బల్బు?"

"ఏ బల్బా? మొక్కల నెత్తిన ఏలాడుతాండేది. రేత్రంతా యాల వేస్తావు దాన్ని?"

"సలికి! మదనపల్లె సలి నీకు తెలీదా? నీకు రెండు దుప్పట్లు, వాటికి ఒక బల్బన్నా వద్దా? పాపం, నోరులేనివి."

"నిన్న నర్సరీలో మునిశేఖర్‌ను అడిగినా."

"ఓహో, మొక్కల డాక్టరు! సూది వెయ్యమన్నాడా?"

"నవ్వినాడు. రేత్రి లైటేస్తే చామంతి మొగ్గెయ్యదంట. చలికి దానికేం కాదంట, చీకటి కావల్లంట."

"చీకటి కావల్లంటనా! నిద్ర పట్టలేదేమో పాపం. జోల పాడమన్నాడా?"

"చాల్లే. ఇదో, నిచ్చెనేసినా, ఎక్కుతాండా. ఇప్పుడు తీసేస్తే మాఘమాసానికి పూస్తాయి. అక్కకు అదే చెప్తా."

"ఆగు. ఆడనే నిలబడి ఒకటి చెప్పు. భవ్యను అడిగినావా?"

"ఏం అడిగేది? వద్దని ఒక మాట అనిందా ఆ పిల్ల?"

"నీ ముందర నోరు తెరిసిందా ఎప్పుడన్నా? నాకు చెప్పింది. లోకేషు వద్దంటే వద్దంట. ల్యాబులో పని మానేసి ఇంట్లో కూసోమంటాండాడంట, ఇప్పట్నుంచే."

"మరి నాకు యాల చెప్పలే?"

"చెప్పినా. రెండుసార్లు. మీయక్క మాటకు ఎదురు పోలేనంటివి. టీవీ సౌండు పెంచితివి."

"అదీ ఇదీ కలపద్దు. బల్బు సంగతి వేరే. తెలీక వేసినావు, ఇప్పుడు తెలిసింది. తీసేస్తే సరిపాయె."

"తెలీకనా?"

"మరి? తెలిసే వేసినావా?"

"పెద్దపంజాణిలో మా నాయన చామంతి తోటకు బల్బులు కట్టింది యాలనుకుంటివి, సలికా? పండగ దాకా మొగ్గెయ్యకుండా ఆపేదానికి. సాయంత్రమైతే స్విచ్చేసేది నేనే. నీతో పెండ్లి ఖాయమైన యేడు, 'ఇంక ఆర్పెయమ్మా, నీ జడలోకి పూలు కావల్ల' అన్నాడు నాయన. నీకు ఇష్టమేనా అని ఎవురూ అడగలే. నేనూ నోరు మూసుకుని పోయి ఆర్పేసినా. నా బిడ్డకు మాత్రం ఆర్పను. దిగు కిందికి."