తెగిన తీగ నిప్పు

మార్గశిర మాసం. పుదుచ్చేరిలో దొరల మిల్లు వెనక పాళెం. తుపాను రెండో నాటి సాయంత్రం, చిన్నస్వామి ఇంటి వాకిలి.

“లోపలికి రాబాకు. అక్కణ్ణే నిలబడి చెప్పు.”

“వానలో నిలబెడతావా చిన్నస్వామీ? నేను, పక్కింటి చెంగమ్మను.”

“గొంతు తెలస్తా ఉండాది. ఏం కావాల?”

“మా పంకజం కనింది. మగబిడ్డ.”

“మంచిది.”

“ఏం మంచి? ఒకసారి మూలిగినాడు, అంతే. చెయ్యి పెడితే చేప మాదిరి చల్లగా ఉండాడు. మంత్రసాని పిళ్ళైచావడి నుంచి రాలేకపోయింది, దారంతా నీళ్ళు. చీకట్లో తడుముకోని నేనే పురుడు పోసినా.”

“కాపడం పెట్టు.”

“దేంతో పెట్టేది? రేత్రి మా కప్పు లేచిపోయింది. పొయ్యి నీళ్ళలో మునిగింది.”

“అగ్గిపెట్టె?”

“అందరివీ నాని పోయినాయి. ఇల్లిల్లూ తిరిగినా. మిల్లు దీపం వచ్చినాక ఈ పాళెంలో లాంతరు పెట్టుకున్నోళ్ళు యాడుండారు? అందరం పోయి ఆ దీపం కంబం కిందనే కూర్చుంటిమి. నిన్న తీగ తెగింది, అందరి కళ్ళూ పోయినట్టు అయింది. మిల్లులో దీపాల మర కూడా ఆపేసినారు.”

“ఎప్పుడు ఆపినారు?”

“ఆపినారు లే.”

“ఎప్పుడు?”

“నీ పాప్పాత్తి పోయినాక.”

“ఆఁ. పోయినాక.”

“తమ్ముడూ, నీ ఇంట్లో దీపం కనిపిస్తా ఉండాది.”

“అది నా పెళ్ళాం తలకాడ పెట్టిన దీపం.”

“తెలుసు.”

“శవం కాడ నిప్పు పురిటింటికి తీసుకపోతావా? దీపాలు పెట్టే వేళ కూడా అయింది. ఈ వేళప్పుడు నిప్పు గడప దాటితే దాంతో లక్ష్మి కూడా దాటిపోతుందని చెప్పింది ఎవురు? నిన్న, ఇదే వేళకు, పాప్పాత్తి చిప్ప పట్టుకోని మీ గడప కాడ నిలబడితే?”

“నేనే చెప్పినా. మా అత్త కాలం నుంచి ఉండే మాట...”

“మీ అత్త బూడిదైపోయింది. నిన్న నీ పొయ్యినిండా నిప్పులు ఉండాయి.”

“ఉండాయి. ఇయ్యలేదు. అత్త మాట నిన్నటికి, తమ్ముడూ. ఈ పొద్దు నా మనవడు.”

“నిన్న నీ మనవడు కాదు. అంతేనా?”

“అంతే అనుకో. తిట్టు. తిట్టి ఇయ్యి.”

“నువ్వు తలుపేసినాక ఆమె యాడికి పోయింది?”

“కంబం కాడికి.”

“తీగ నేల మీద పడి చిటపటమని రవ్వలు రాలస్తా ఉండాది. మిల్లు పొయ్యిలో నిప్పే ఆ తీగలో వస్తుందనుకునింది పిచ్చిది. యాడ దొరికిందో, కట్టెకు కిరసనాయిలు గుడ్డ చుట్టి అంటించబోయింది.”

“మనలో ఎవురికి తెలుసు? నేనైనా అట్నే చేసుందును.”

“అంటుకునింది. నేను పోయేసరికి ఆమె బురదలో పడుండాది, పక్కన కట్టె మండతా ఉండాది. దాంతోనే ఈ దీపం వెలిగించినా. తన తలకాడికి తానే నిప్పు తెచ్చుకునింది.”

“అయ్యో పాప్పాత్తీ...”

“రేత్రంతా ఆరలేదు. కప్పు చుట్టూరా కారింది, దాని మీద పడలా. దాని మొన నా పక్కకే తిరగతా ఉండాది. ఏ మూల కూర్చున్నా నా పక్కకే.”

“గాలి లే.”

“తలుపు మూసినా అంతే.”

“బిడ్డ చల్లబడతా ఉండాడు చిన్నస్వామీ. కాళ్ళు పట్టుకుంటా.”

“కాళ్ళు వద్దు. ఒక మాట చెప్పు, ఇస్తా. నిన్న మీ గడప కాడ పాప్పాత్తి ఏమనింది?”

“ఏమంటుంది? నిప్పడిగింది.”

“అంతేనా?”

“అంతే.”

“శానా సేపు నిలబడిందంట. ఎదురింటి మునియప్పన్ చూసినాడు. నిప్పడిగేదానికి అంత సేపా?”

“వాన గదా. నిలబడింది.”

“తిట్టినావా?”

“లేదు.”

“మరి ఏమనింది?”

“అది అడగబాకు. ఇంకేదన్నా అడుగు.”

“నీ పాపం నీ నోటితోనే వినాల నేను.”

“నా పాపం నేను మోస్తా. ఆ మాట మాత్రం వద్దు. నీ మంచికే చెప్తా ఉండా.”

“నా మంచి! అయితే చిప్ప తీసుకోని పో.”

“తమ్ముడూ!”

“పో అంటా ఉండా.”

“...ముందు నిప్పియ్యి. చెప్తా.”

“ఒట్టు?”

“నా మనవడి మీద ఒట్టు.”

“అయితే రా. అటక మీద పొడి పిడక ఒకటి ఉండాది, ఇదో. విరిచి వత్తికి పెట్టు. ఆమె కాలు తొక్కబాకు. ఊదు. మెల్లిగా.”

“అంటుకోవడం లేదు.”

“ఊదు.”

“అంటుకునింది. అమ్మా, అంటుకునింది!”

“చిప్పలో వేసి మూకుడు బోర్లించుకో. ఇప్పుడు చెప్పు.”

“బిడ్డకు కాపడం పెట్టి వచ్చి చెప్తా...”

“ఒట్టు పెట్టినావు.”

“‘నిప్పు ఇయ్యకూడదు గానీ, రేత్రికి మా ఇంట్లోనే పడుకోవే, తెల్లారినాక పోదువు’ అన్నా.”

“అంటే, ఏమనింది?”

“‘వద్దక్కా. పొయ్యి ఆరిపోనిచ్చినానని నన్ను బయటికి నెట్టి గడియ పెట్టుకున్నాడు. చేతిలో నిప్పు కనపడితేనే తీస్తాడంట’ అనింది, తమ్ముడూ.”