మట్టి శాస్త్రం వారి అరగంట

అధ్యక్ష స్థానంలో కూర్చుని, నేనెంతసేపు మాట్లాడతానో అని అప్పుడే గడియారం వంక చూస్తున్న డీన్ మార్గో లాకార్ట్ గారికి, ముందు వరసలో ఉన్న పెద్దలకి, బిస్కెట్ల పళ్ళెం పక్కనే స్థిరపడిపోయిన మా యూనివర్సిటీ ప్రచార కార్యాలయం మిత్రులకి, ఈ అబర్‌డోరన్ వానలో తడిసి మరీ వచ్చిన మీ అందరికీ నా నమస్కారాలు.

ఇప్పుడే నన్ను పరిచయం చేసిన మా ఆఫీసు కాలమ్ నా గురించి చాలా మంచి మాటలు చెప్పాడు. ఆ మాటల్లో సగం నేనే రాసిచ్చాను. (నవ్వులు) నవ్వకండి, పదిహేడేళ్ళుగా నా ఉద్యోగమే అది కదా, ఎవరి గురించి వాళ్ళు చెప్పుకోలేని మంచిని నేను రాసిపెట్టడం. విభాగాలకి ప్రచారంలో సాయం చేస్తానని చెబితే మా అక్క ఇప్పటికీ నేను పోస్టర్లు అంటిస్తాననే అనుకుంటుంది. అసలు సంగతి ఇక్కడున్న వాళ్ళకి తెలుసు. ఒక్కో విభాగంలో లోకంలో ఇంకెవరికీ తెలియనంత తెలిసినవాళ్ళు ఉంటారు, కానీ పదిహేడేళ్ళ పిల్లో పిల్లాడో వచ్చి మీ దగ్గర ఎందుకు చదవాలండీ అని అడిగితే మాత్రం నోట మాట రాదు. ఫిజిక్స్ వాళ్ళకి 'అద్భుతమైన' అని రాసి పంపితే ఎంత శాతం అద్భుతమో ఆధారం చూపమనేవారు. చరిత్ర విభాగం వాళ్ళు ఫొటోలో నవ్వడానికి నాలుగేళ్ళు పట్టింది. ఇక ఎండ సంగతి సరేసరి, ఈ ఊళ్ళో ఏడాదికి మూడు రోజులు కాస్తే ఆ మూడు రోజుల్లోనే అన్ని విభాగాల ఫొటోలూ తీసేసేవాళ్ళం, అందుకే మన వెబ్‌సైట్ చూసి వచ్చిన పిల్లలు గొడుగు లేకుండా దిగుతారు. (నవ్వులు)

సరే, డీన్ గారు మళ్ళీ గడియారం చూశారు. నేను కూడా చూశాను. అయిదుంబావు అయింది. కాగితాల ప్రకారం నా ఉద్యోగం ఇవాళ అయిదింటితో అయిపోయింది. అందుకని ఇప్పుడొక మాట చెప్పొచ్చు. మూడో వరసలో కూర్చున్న యూవన్ డాల్‌గ్లీష్ గారు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు. ఊపండి, ప్రొఫెసర్ గారూ, ఇవాళ మీ మాట వినను.

నేను ఇక్కడ చేరిన మొదటి ఏడాది సంగతి. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. పనిచేసే పత్రిక మూతపడింది, ఇంకో చోట ఎవరైనా పిలుస్తారన్న ఆశ లేదు. ఇక్కడ ఏడాది చూసి, నచ్చితే అక్టోబరులో ఖాయం చేస్తామన్నారు. నాకు అప్పగించిన మొదటి పుస్తకం మట్టి శాస్త్ర విభాగానిది, బడులకి పంపే చిన్న పరిచయ పుస్తకం. మా పద్ధతి మీకు తెలుసు. విభాగం వాళ్ళే రాయాల్సిన చోట మేమొక నమూనా వాక్యం పెట్టి పసుపు రంగు వేస్తాం, వాళ్ళు దాన్ని తీసేసి తమ మాట రాస్తారు. నేను పెట్టిన నమూనా ఇది: 'మొదటి ఏడాది ప్రతి విద్యార్థితోనూ వారానికి అరగంట ఒక అధ్యాపకుడు విడిగా కూర్చుని మాట్లాడతారు.' నా ఊహ. నేను చదువుకున్న రోజుల్లో నాతో ఎవరూ అలా కూర్చోలేదు, అందుకే ఆ మాట తట్టిందేమో.

ఆ పుస్తకం తొమ్మిది మంది చేతుల్లో పదకొండుసార్లు తిరిగింది. మట్టిని భూమికి చర్మం అనొచ్చా అనకూడదా అని రెండు నెలలు యుద్ధం. ఆ యుద్ధంలో పసుపు వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పక్కవాళ్ళు రాసి ఉంటారని ప్రతివాళ్ళూ వదిలేశారు. చివరికి నేను కంప్యూటర్లో దిద్దుబాట్లన్నీ ఒక్కసారిగా ఒప్పేసుకుంటూ రంగులన్నీ తుడిచేశాను. పసుపు పోయింది, వాక్యం ఉండిపోయింది. ఆరువేల ప్రతులు అచ్చయి బడులకి వెళ్ళిపోయాయి.

సెప్టెంబరులో ఒకమ్మాయి ఆ విభాగంలో పాఠాలు చెప్పే డాక్టర్ షీనా ఇన్నెస్ గారి తలుపు తట్టి, మేడమ్, నా అరగంట ఏ రోజండీ అని అడిగింది. ముప్ఫై ఒక్క మంది పిల్లలు చేరారు, అందరి చేతుల్లోనూ ఆ పుస్తకమే.

ఆ కబురు నా దాకా వచ్చింది. అప్పుడు విభాగానికి పెద్ద యూవన్ గారు. ఆయన గదికి పరుగెత్తుకెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి ఆ వాక్యం రెండుసార్లు చదివారు.

"మైరీ, ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండీ."

"అయితే చెప్పకు. వాక్యం బాగుంది. నేనే పెట్టానంటాను."

ఆ మధ్యాహ్నం సమావేశంలో అలాగే అన్నారు. ఓ మూల కూర్చుని సమావేశం వివరాలు రాస్తున్న నేను ఆ మాట అలాగే రాసేసుకున్నాను. షీనా గారు లేచి నిలబడ్డారు. యూవన్ గారూ ఆవిడా ఇరవై ఏళ్ళ స్నేహితులు, రోజూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళు. ఆవిడ గొంతు పెంచలేదు. "మా టైము మమ్మల్ని అడక్కుండానే రాసిచ్చేశావా, యూవన్? నన్ను కూడా అడగాలనిపించలేదా?" అన్నారు. ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. మర్నాటి నుంచి ఆవిడ కిటికీ దగ్గర బల్లకి మారిపోయారు.



అచ్చయిన మాట నిలబెట్టుకోవాలి కనక నిలబెట్టారు. తిట్టుకుంటూ మొదలుపెట్టారు, తర్వాత అలవాటైంది. చిన్న విభాగాలను కలిపేసిన ఏడాది మట్టి శాస్త్రం జోలికి ఎవరూ రాలేదంటే, అక్కడ చేరిన పిల్లలెవరూ మధ్యలో మానకపోవడమే కారణం. అందరికంటే ఎక్కువ అరగంటలు ఇచ్చింది షీనా గారే. ఆవిడకి పిల్లల మీద కోపం ఎప్పుడూ లేదు. అడగలేదన్న బాధ ఒక్కటే, అది పదహారేళ్ళు మోశారు. అడగనిది ఆయన కాదండీ షీనా గారూ. ఆయనకి కూడా ఆ వాక్యం గురించి మీకు తెలిసిన రోజే తెలిసింది.

నిజం చెప్పేస్తానని ఏటా యూవన్ గారిని అడిగేదాన్ని. నీ ఉద్యోగం అయ్యాక నీ ఇష్టం అనేవారు. ఆ మాట చాటున హాయిగా దాక్కున్నాను. మొదటి ఏడాది చెప్పలేదంటే, అది భయం. ఉద్యోగం ఖాయమయ్యాక కూడా చెప్పలేదు చూడండి, అది పిరికితనం. దానికి వేరే పేరు పెట్టను, ఇన్నాళ్ళూ పేర్లు పెట్టడమే పనైనా సరే. నా జీతం నిలబెట్టడానికి ఒక మనిషి తన స్నేహితురాలిని పోగొట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. మిమ్మల్నిద్దరినీ క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా సరే, చెప్పేశాను, పదహారేళ్ళ తర్వాత ఇవాళ ఊపిరి నిండుగా ఆడుతోంది.

కాలమ్ చాక్లెట్ కేకు కోయాలంటున్నాడు. ఒక్క నిమిషం ఆగు, కాలమ్... షీనా గారు లేచారు. వెళ్ళిపోతున్నారేమో, వెళ్ళినా న్యాయమే... లేదు, ఇటే వస్తున్నారు. మూడో వరసలోని వాళ్ళు కాస్త జరగండమ్మా, ఆవిడకి చోటివ్వండి. (హాలులో కదలిక) ఏమన్నారండీ? మైకు దగ్గరికి వినపడలేదు, అందరికీ వినిపించేలా అనండి.

"నీతో కాదు మైరీ, ఈ మొద్దుతో అంటున్నాను. నాతో ఒక్క ముక్క చెప్పుంటే, నేనూ నీతోపాటు అబద్ధమాడేదాన్ని కదా, యూవన్."

(చాలాసేపు చప్పట్లు)

ఇక నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఇన్నేళ్ళు నా రాతలు భరించిన విభాగాలన్నిటికీ, నన్ను ఉద్యోగంలో ఉంచిన యూవన్ గారికి, ఇప్పుడు ఆయన పక్కన కూర్చున్న షీనా గారికి నా కృతజ్ఞతలు. సెలవు.