మా పిల్ల కాదన్న రోజు

యానాంలో గోదారి గట్టు వెనకాల పరాసు దొరల పాత బంగళా ఒకటుంది, పరాసు దొరలంటే ఫ్రెంచివాళ్ళులెండి, ఆ బంగళా గోడ వారన ఒక చింతచెట్టు, చెట్టు కింద రాతి గట్టున్న నుయ్యి. ఆ చెట్టు కాయ ఎవరూ దులపరు, రాలింది రాలినట్టు కిందే పుచ్చిపోతుంది. చేపల తట్టతో పోయే ఆడాళ్ళు మెడలు విరిగిపోతున్నా ఆ నీడలో తట్ట దించరు, చుట్టు తిరిగి ఎండలో పోతారు. రేపు ఆదివారం మీరంతా వ్యాను మాట్లాడుకుని యానాం చూడ్డానికి వెళ్తున్నారని విన్నాను, అందుకని ఇవాళ ఈ కథ చెప్పాల్సొచ్చింది. లేకపోతే చెప్పేదాన్ని కాదు. ఇందులో నాకూ కొంచెం పాలుంది మరి.

దగ్గరికి జరగండి. ఆ చంటిదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకోవే, ఏడిస్తే నాకు కథ తప్పిపోతుంది.

మన సూరాయమ్మ గుర్తుందా, కాలవ అవతల పెంకుటిల్లు, పోయి ఆరేళ్ళయింది. ఆవిడ ఇంట్లో భోజనాలకి ఎప్పుడూ కంచం ఒకటి ఎక్కువ వేసేది, నలుగురుంటే ఐదు, ఐదుగురుంటే ఆరు. ముసల్దానికి లెక్క రాదని మీరందరూ నవ్వేవాళ్ళు కదా? ఐదో తరగతి దాకా చదివింది ఆవిడ. లెక్క బాగానే వచ్చు.

ఎదుర్లంక వంతెన కొత్తగా కట్టిన రోజులవి. అంతకు ముందు పంటు ఎక్కి దాటేవాళ్ళం, వంతెన పడ్డాక ఇటు వ్యానెక్కితే అటు దిగడమే. సూరాయమ్మ కూతురు లోవకి ఆ మాఘంలోనే పెళ్ళయింది, రామచంద్రపురం దగ్గిరిచ్చారు. వియ్యపురాలు వేణమ్మగారని, మంచి మనిషే, కాకపోతే పెద్ద గొంతు, ఆవిడ దగ్గితే మనం లేచి నించుంటాం, అలాంటి మనిషి. సూరాయమ్మ ఏమో పక్కింటికి మజ్జిగకి వెళ్ళాలన్నా కొంగు నాలుగుసార్లు సర్దుకునేది. కూతురు బావుండాలంటే ఆ వేణమ్మగారి దగ్గర తన మాట చులకన కాకుండా ఉండాలి, ఆవిడ బెంగంతా అదే. ఇంతలో వేసవికాలం, వేణమ్మగారు కోడల్ని తీసుకుని చూడ్డానికొచ్చి, ఇంత దగ్గర్లో పెట్టుకుని యానాం చూపించరా వదినగారూ అంది. అంటే ఏం చేస్తుంది? సూరాయమ్మ తను పుట్టి నలభై అయిదేళ్ళయినా ఒక్కసారి కూడా యానాం వెళ్ళలేదు, వెళ్ళకపోవడానికి ఒక కారణముంది, ఆ కారణం పైకి చెప్పేది కాదు. అందుకని, దానికేం వదినగారూ, వెళ్దాం అంది.

వ్యాను మాట్లాడారు. మొత్తం పదమూడు మందిమి. నన్నూ రమ్మంటే వెళ్ళాను. డ్రైవరు సింహాచలం తలలు లెక్కపెట్టుకునిగానీ బండి తీసేవాడు కాదు, ఓసారి ఎవరి మావగార్నో ద్రాక్షారంలో వదిలేసి వచ్చేశాడట, అప్పట్నుంచీ భయం.

యానాం ఎలా ఉంటుందో నేను చెప్పడమెందుకు, చూస్తారుగా. వీధులు తాడు పట్టి గీసినట్టుంటాయి. మొగాళ్ళు యానాం ఏ సీసాల కోసం వెళ్తారో మనందరికీ తెలుసు, మేం మాత్రం ముందు పెద్ద చర్చి చూశాం, లోపల చల్లగా, అడుగేస్తే ఆ చప్పుడు మనకే తిరిగొచ్చింది. ఎర్రటోపీ పోలీసుల్ని చూసి వేణమ్మగారు, ఏవిటి వదినగారూ, దొరలు పోయినా వీళ్ళ టోపీలు పోలేదే అని గట్టిగా నవ్వితే, ఆ పోలీసాయన కూడా నవ్వాడు. ఆవిడ ప్రతిదానికీ ప్రశ్న. ఈ మేడ ఏ దొరది, ఈ గంట ఏ దేశానిది? సూరాయమ్మకి ఏం తెలుసు, పాపం? చెమటలు పట్టి, పదండి వదినగారూ అటు గోదారి చూద్దాం, అటొద్దు ఇటు అని ఒక పక్కకే తిప్పుతోంది. ఎందుకు తిప్పుతోందో మాకప్పుడు తెలీదు.

ఎంత తిప్పినా మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి వేణమ్మగారికి కాళ్ళు కాలాయి, కాలేసరికి ఆ చింతచెట్టు కంటబడింది. అదిగో నీడ అని నడిచేసింది, ఆవిడ వెనకాల మేమూ. చెట్టుకి పది బారల ఇవతల, మండుటెండలో, ఒక ముసలమ్మ చిరుగు గొడుగేసుకుని ముంజలు అమ్ముతోంది. పేరు మరిడమ్మ.

"నీడంతా అక్కడ పెట్టుకుని ఇక్కడ మాడతావేంటే ముసలమ్మా?" అంది వేణమ్మగారు.

"ఆ నీడ మాది కాదండి, ఆ పిల్లది," అందట. అందట ఏవిటి, నేను విన్నాను.

ముంజలు ఒలుస్తూ ఒలుస్తూ చెప్పింది. ఇంగ్లీషు దొరల రాజ్యంలో పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళిచేస్తే జైలని చట్టం వచ్చిందట, యానాంలో ఏమో పరాసు రాజ్యం, ఆ చట్టం ఇక్కడ చెల్లదు, అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని పడవల్లో ఎక్కించుకొచ్చి ఇక్కడ తాళి కట్టించి పట్టుకుపోయేవారు. ఒకరోజు అలాగే పెళ్ళివారి పడవలు రెండూ తెల్లవారకుండా వెళ్ళిపోయాయి. తెల్లారి చూస్తే ఈ చెట్టు మొదట్లో ఏడేళ్ళ పిల్ల, ఆకుపచ్చ పట్టులంగా, నుదుట బాసికం, మెడలో పసుపుతాడు, నిద్రపోతోంది. ఎవరి పిల్లవే అంటే రెండు చేతులతో నోరు మూసుకునేది. ఏ ఊరే అన్నా అంతే. ఎవరడిగినా పేరు చెప్పకు, ఊరు చెప్పకు, చెప్తే నాన్నని పోలీసులు పట్టుకుపోతారని ఇంట్లో నేర్పి తెచ్చారు కదా, ఆ పిల్ల ఆ మాట తప్పలేదు. ఎవరో ఒకరు అన్నం పెట్టేవారు. రేవులో పడవ ఆగితే చాలు, వెళ్ళి ఎక్కేవాళ్ళ మధ్యలో నించునేది. పడవ సరంగు ఎవరి పిల్లండీ ఇది అని అడిగేవాడు, మా పిల్ల కాదు, మా పిల్ల కాదు అనేవారు అందరూ, దిగిపోయి మళ్ళీ చెట్టు కిందకొచ్చేది. ఆషాఢంలో వరదొచ్చి పడవలు ఆగిపోయాయి. పడవ కనిపిస్తుందేమోనని నూతిగట్టు ఎక్కి చూసింది. గట్టు తడిగా ఉంది. అంతే.

వేణమ్మగారు ముంజ కింద పడేసింది. కళ్ళంట నీళ్ళు. కళ్ళు తుడుచుకుని అన్న మాట వినండి, "కన్నపిల్లని సంచీ మర్చిపోయినట్టు మర్చిపోయారా? వాళ్ళసలు మనుషులేనా వదినగారూ? అలాంటి వంశంలో పిల్లని తెచ్చుకునేవాళ్ళెవరైనా ఉంటారా?"

సూరాయమ్మ పక్కనే లోవ నించునుంది, కొత్త గాజులతో. సూరాయమ్మ ఏమంటుంది? అవునండి అంది.

ఇప్పుడు ఆవిడ కడుపులో ఉన్నది చెప్తాను. చాలా ఏళ్ళ తరవాత, మొహం గోడకేసి తిప్పుకుని నాతో చెప్పింది. ఆ పిల్ల ఆవిడ సొంత అమ్మమ్మకి చెల్లెలు. పేరు అచ్చాయి. అమ్మమ్మ పేరమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు, ఆ పడవలోనే ఉంది. అప్పగింతలు అయిపోయాయి కాబట్టి పిల్ల అత్తారి పడవలో మూడు నిద్రలకి వెళ్ళిందని వీళ్ళనుకున్నారు, ఇంకా ఈడేరని పిల్ల కాబట్టి పుట్టింటివాళ్ళు పట్టుకుపోయారని వాళ్ళనుకున్నారు. అవతలి గట్టున పోలీసులు కాపు కాశారని ఎవడో అంటే చీకట్లో హడావిడిగా పడవలు విప్పేశారు. పేరమ్మ ఒక్కతే, నాన్నా, చెల్లేది అని అడిగిందట. ఇంక అది మన పిల్ల కాదే, వాళ్ళ పిల్ల, నోర్ముయ్ అన్నాడట తండ్రి. నోరు మూసుకుంది. నాలుగోరోజు పిల్లని తీసుకురావడానికి అత్తారింటికి వెళ్తే, మా దగ్గరెక్కడుంది అన్నారు. మరి వెంటనే పరిగెత్తాలా వద్దా? పెద్దలు కూర్చుని, వెళ్ళి ఏమని అడుగుతావు, ఏడేళ్ళ పిల్ల మెడలో తాళి ఎవరు కట్టించారంటే ఏం చెప్తావు, ఓ పదిరోజులు ఆగు అన్నారు. పది రోజులు ఆగారు. ఆ తరవాత వరద. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవ్వరూ యానాం మాటెత్తలేదు. పేరమ్మ పోయేముందు, పెళ్ళివారు దిగిన ఆ బంగళా, చింతచెట్టు గుర్తులతో సహా మనవరాలికి ఒక్కదానికే చెప్పి, దానికి ఎడంచెవి పైన మడతపడి ఉండేదే, నీకున్నట్టే అందట. సూరాయమ్మకి ఉండేది, లోవకీ ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూడండి.

సరే, ముంజలు తిన్నవాళ్ళు తిన్నారు, ఇంక వెళ్దామని వ్యాను దగ్గరికొచ్చాం. సింహాచలం తలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్ళీ పెట్టాడు. పద్నాలుగే.

"పొద్దున్న పదమూడు మంది కదండి. ఎవరి పిల్లండీ ఇది?"

చూస్తే మెట్టు మీద, తలుపు కడ్డీ పట్టుకుని పిల్ల. ఆకుపచ్చ లంగా. బాసికం ఓ పక్కకి జారి చెవి మీదికి వేలాడుతోంది. లంగా అంచునించి నీళ్ళు కారుతున్నాయి, కింద దుమ్ము మాత్రం తడవట్లేదు. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్నానుగానీ అప్పుడు తట్టిందా? ఎండకి కళ్ళు బైర్లుకమ్మి ఉన్నాయి, ఎవరిదో పెళ్ళిపిల్ల అనుకున్నాం. వెనక సీటు నుంచి ఒక్కొక్కరూ మా పిల్ల కాదు, మా పిల్ల కాదు. నేనూ అన్నాను. నిజమే కదా, నా పిల్ల కాదుగా? కానీ ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వేణమ్మగారు కూడా అదే మాట అని, వదినగారూ, మీ వైపు వాళ్ళ పిల్లేమో చూడండి అంది.

ఆ పిల్ల సూరాయమ్మని చూసింది. సూరాయమ్మ ఆ చెవిని చూసింది. మడత. పక్కనే లోవ చెవి, అదే మడత. ఒక్క మాట చాలు. ఔను, మా పిల్లే, ఎక్కించండి అంటే చాలు. వేణమ్మగారు ఇటే చూస్తోంది. సూరాయమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని, ఆ వేలినే చూసుకుంటూ అంది.

"మా పిల్ల కాదు."

ఏడవలేదండి ఆ పిల్ల. అలవాటైన మాటే కదా. సరేనన్నట్టు తలూపి, కడ్డీ వదిలి, దిగి, చెట్టు వైపు వెళ్ళిపోయింది. సింహాచలం లెక్కపెట్టాడు. పదమూడు. బండి తీశాడు.

వంతెన మధ్యకొచ్చాక వేణమ్మగారికి బాసికం గుర్తొచ్చింది, ఇంక ఒకటే కేకలు, ఆంజనేయస్వామిని తలుచుకోవడాలు, బండి ఆపమనేవాళ్ళు కొందరు, పోనియ్యమనేవాళ్ళు కొందరు. సూరాయమ్మ కిటికీలోంచి గోదారి చూస్తూ కూర్చుంది. ఆ పూట ఇంటికెళ్ళి ఆరుగురికి ఏడు కంచాలు వేసింది. అదే మొదలు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. ఆ వచ్చే మంగళవారం యానాం సంతకని, ఎండుచేపలు తెస్తానని ఇంట్లో చెప్పి, ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. పక్కింటికి మజ్జిగకి వెళ్ళలేని మనిషి! మిట్టమధ్యాహ్నం తిన్నగా ఆ చెట్టు కిందకి నడిచింది. మరిడమ్మ గొడుగు కింద నుంచి, వద్దమ్మా, వద్దని అరుస్తోంది. నూతిగట్టు మీద పిల్ల కూర్చుని కాళ్ళూపుకుంటోంది.

"అచ్చాయీ," అంది సూరాయమ్మ. ఆ పిల్ల నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"భయంలేదే తల్లీ, ఇంక పోలీసులు రారు. నేను మీ అక్క పేరమ్మ మనవరాల్ని. నువ్వు నాకు చిన్నమ్మమ్మవి." నలభై అయిదేళ్ళ మనిషి ఏడేళ్ళ పిల్లని పట్టుకుని చిన్నమ్మమ్మా అందట.

పిల్ల వేళ్ళ సందుల్లోంచి అంది, "మా అక్కకి మనవరాలు లేదు. మా అక్కకి ఎనిమిదేళ్ళు."

అప్పుడు సూరాయమ్మ సంత వైపు తిరిగి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. "మా పిల్లే! ఇది మా పిల్లే! వినండి, మా ఇంటి పిల్ల!" చేపలవాళ్ళు విన్నారు, ఎర్రటోపీ పోలీసాయన విన్నాడు, మరిడమ్మ విని గొడుగు కింద పెట్టేసింది. అరిచి, ఇటు తిరిగి చెయ్యి చాపింది. రావే, వెళ్దాం, నీకు కంచం వేశాను అంది.

పిల్ల ఆ చేతిని చూసింది. గట్టు దిగలేదు. కోపంగా కాదు, తెలిసిన సంగతి చెప్తున్నట్టు అంది.

"మొన్న అడిగారుగా. కాదన్నావుగా."

అని మళ్ళీ గోదారి వైపు తిరిగి కూర్చుంది, పడవేదైనా వస్తుందేమోనని.

సూరాయమ్మ సాయంత్రం బస్సు దాకా అక్కడే ఉంది. ఎండుచేపలు తేలేదు, ఎందుకు తేలేదని అడిగితే బాగోలేవంది. ఆ తరవాత ఏ మంగళవారం వెళ్ళినా ఆవిడకి ఆ పిల్ల కనపడలేదు. లోవ కాపురం చక్కగా ఉంది, వేణమ్మగారు పోయేదాకా సూరాయమ్మని గౌరవంగా వదినగారనే పిలిచింది. ఆరోజు ఔనని ఉంటే ఏమయ్యేదో? ఏమీ అయ్యేది కాదేమో. ఆ ముక్క తలుచుకునే ఆవిడ అన్నం సగంలో వదిలేసేది.

కాబట్టి వెళ్ళండి, చర్చి చూడండి, గోదారి చూడండి, పిల్లలకి ముంజలు కొనిపెట్టండి. ఆ చింతచెట్టు వైపు మాత్రం పోకండి. ఆ పిల్ల పీక పిసకదు, మనిషిని పట్టదు, రక్తం తాగదు. వ్యాను దగ్గరికొచ్చి నించుంటుంది, అంతే. మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు, ఎవరి పిల్లండీ అని. అడిగినప్పుడు మీరేమంటారో నాకు తెలుసు, నేనన్నాను కనక. వెళ్ళకండి.