బీరువా లైసెన్సు

లైసెన్సు తెచ్చుకుని స్టీరింగు ముట్టని ఆడవాళ్లది మా కొరియాలో బీరువా లైసెన్సు. ఓక్హీది అదే. మొగుడు తేగిల్ కుడిచేతికి సిమెంటు కట్టు పడబట్టి, ఇన్నాళ్లకి మొక్పో ఊరికి పోయే పెద్ద రోడ్డు మీద ఆమె కారు నడుపుతోంది.

"అద్దం చూడవే."

"చూస్తున్నానండీ."

"చూస్తే ఆ లారీవాడు హారన్ ఎందుకు కొడతాడు? పక్క లైన్లోకి పో. పో అంటుంటే..."

"నెత్తిన కొట్టకండి. స్టీరింగు పట్టుకునున్నాను."

"కొడితేగానీ నీ బుర్రకెక్కదు. వచ్చేశావుగా, ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం చెయ్యాలి?"

"వెనకవాడు దారిచ్చాడా లేదా? ఆ ఎర్ర బటన్ నొక్కు. నాలుగు ఇండికేటర్లూ మూడుసార్లు మెరవాలి. దారిచ్చినవాడికి థాంక్స్ చెప్పకుండా పోయేది మనిషి పుటకేనా? నేర్చుకో."

"నేర్చుకుంటున్నాను."

"వెనకద్దం మీద ఆ కాగితమేంటి?"

"కొత్త డ్రైవర్ అని రాసి..."

"పరువు తీస్తున్నావు. నా చెయ్యి బాగుంటే నీకీ స్టీరింగు దక్కేదా?"

"మీ చెయ్యి నేను విరవలేదు."

"నువ్వు తల పక్కకి తిప్పబట్టే కదా, గుద్దు బీరువాకి తగిలింది?"

"తిప్పకపోతే నా దవడ విరిగేది."

"ఎదురు చెప్తున్నావా? ఎడంచెయ్యి ఉంది నాకింకా."

"అమ్మా... కన్ను, కన్నండీ. రోడ్డు కనబడటం లేదు."

"తుడుచుకుని నడుపు. మొక్పోలో మీ అక్క మన పిల్లనెట్లా దాస్తుందో ఇవాళ చూస్తా. సోయుల్‌ని జుట్టు పట్టి ఈడ్చుకొస్తా."

"దానికి ఎనిమిదేళ్లు."

"ఎనిమిదేళ్లకే పోలీసులకి ఫోన్ చెయ్యబోయింది. ఆ వేళ్లు విరిచేస్తే బుద్ధొస్తుంది. వింటున్నావా?"

"వింటున్నాను."

"మరి పలకవేం?"

"ముందర కాఫీ కొట్లున్నాయి. ఆపనా? పొద్దుట్నించీ మీరేం తాగలేదు."

"ఆపు. పోయి కాఫీ పట్రా. అక్రోటు కేకులు కూడా."

"ఈ మొహంతోనా? రక్తం కారుతోంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

"దిక్కుమాలిన మొహం. నేనే పోతా. నువ్వు దిగకు, ఎవరి వంకా చూడకు."

"ఇంజన్ ఆపెయ్యనా?"

"ఆపితే చలికి చస్తాం. నేనొచ్చేసరికి కారు వెచ్చగా ఉండాలి."

"అలాగేనండీ. ఉండండి, బెల్టు నేను తీస్తాను. కట్టు జాగ్రత్త."

కాసేపటికి ఓక్హీ ఫోన్ మోగింది.

"ఎక్కడ చచ్చావే? కారేది?"

"ఎడమకి చూడు. రోడ్డెక్కే దారి దగ్గర."

"వెనక్కి తిప్పు. తిప్పకపోతే మొక్పో వచ్చి మరీ చంపుతా. నిన్నూ, దాన్నీ."

"రా. సోయుల్ చెయ్యబోయిన ఫోన్ ఇప్పుడే నేను చేశాను. అక్క గుమ్మంలో పోలీసులుంటారు."

"ఒసేయ్... ఆగు, ఆ ఇండికేటర్లేంటి? నాలుగూ మెరుస్తున్నాయి. బండి చెడిందా? నీ పని అయిపోయిందే. పరిగెత్తుకొస్తున్నా, ఉండు."

"చెడలేదు. మూడుసార్లే వేశాను. దారిచ్చినవాడికి థాంక్స్ చెప్పకుండా పోకూడదని నువ్వే నేర్పావుగా."